నేను కత్తిరించిన పాఠం

మా సార్ పోయారని మొన్న పొద్దున మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఫోటో, పూలదండ, కింద వరసగా దండాల బొమ్మలు. ఆయన నేర్పిన ప్రకారం నేను వెంటనే నమ్మలేదు. ఎర్రగుంట్లలో వాళ్ళింటికి ఫోన్ చేశాను. సార్ భార్య ఎత్తారు. ఆమెను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్ళం.

"నిజమే పాపా. తెల్లారేసరికి పోయినారు," అన్నారు. తర్వాత, "ఈ మాటకైతే ఫోన్ చేసి కనుక్కుంటాండావు. ఆ పొద్దు మీలో ఒక్కరన్నా చేసినారా?" అన్నారు.

ఆమె తప్పేం లేదు. ఆ మాట నాకు తగలాల్సిందే. ఎందుకో చెబుతాను.

సార్ కర్నూలులో కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకు శిక్షణ ఇచ్చేవారు. వార్త ఏదో, పుకారు ఏదో తేల్చుకోవడం బడి పిల్లలకు ఎలా నేర్పాలన్నది ఆయన పాఠం. మాకు మొదట్లో దానిమీద చిన్నచూపు. లెక్కలు చెప్పడానికే టైము చాలదు, మధ్యలో ఇదొకటా అని గొణిగేవాళ్ళం.

"ఇంట్లో అవ్వకొచ్చే మెసేజీలు చదివి వినిపించేది ఎవరనుకున్నారు? మీ అయిదో తరగతి పిల్లే. ఆ పిల్లకు మీరు చెప్పకపోతే ఇంకెవరు చెప్పల్ల?" అనేవారు.

రోజూ పొద్దున క్లాసులో ఒక మెసేజి చదివేవారు. అబద్ధమని ముందు చెప్పరు, నవ్వరు. రాసినవాడే వచ్చి నిలబడ్డట్టు చదివి, ఫోను బల్లమీద బోర్లించి, చాక్‌పీసు పట్టుకుని నిలబడేవారు. ఇక మేము అడగాలి. ఎవరు చెప్పారు, ఎప్పటిది, చూసినవాళ్ళు ఎవరు అని. ఒకసారి డోన్‌లో వారమంతా రైళ్ళు ఆగవని చదివితే, డోన్ నుంచి వచ్చే అమ్మాయి నిజమేననుకుని బస్సు వేళలు కనుక్కోవడం మొదలుపెట్టింది. "స్టేషన్ పక్కన ఇల్లు పెట్టుకోని నా మాట నమ్మితే ఎట్లమ్మా? మీ నాయనకు ఒక ఫోన్ చెయ్యి," అన్నారు సార్. బొరుగులు కట్టిచ్చిన కాగితాన్ని కూడా విప్పి, తేదీ ఉందేమోనని చూసే మనిషి ఆయన.

నిజం నిలకడ మీద తెలుస్తుంది కదా సార్ అని నేనోసారి పెద్ద తెలివిగా అన్నాను. "తెలుస్తాది, శానా నిదానంగా. అంతవరకూ పుకారు పడిన మనిషి ఉండల్ల గదమ్మా," అన్నారు.

శిక్షణ చివరి రోజున ఆయన చదివిన మెసేజి, బడిలో వేసే నులిపురుగుల మాత్రలు మింగి పిల్లలు పడిపోతున్నారని, మీ పిల్లలను మింగనీయొద్దని. నేను మొత్తం ఫోన్‌లో వీడియో తీశాను. అది అబద్ధమని ఆయన చెప్పిన రెండో సగం కూడా. ఆ రోజు రాని స్నేహితురాళ్ళకు పరీక్ష పెడదామని, చదివిన ముక్క వరకే కత్తిరించి మా బ్యాచ్ గ్రూపులో వేశాను. "ఏం అడగాలో చెప్పండి చూద్దాం" అని కింద రాశాను కూడా.

నా రాత దారిలో ఎక్కడో రాలిపోయింది. వీడియో మాత్రం ఓర్వకల్లు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. మర్నాడు తల్లిదండ్రులు మా బడి మీదికి వచ్చారు. "గవర్నమెంటు సారే చెప్తాండాడు గదప్పా, అబద్ధమెట్లయితాది?" అని ఒకాయన మా హెడ్మాస్టరును నిలదీశాడు. నేను పక్కనే రిజిస్టరులోకి చూస్తూ కూర్చున్నాను.

విచారణకు వచ్చిన అధికారి ఆ ముక్కే చూశాడు. మిగతాది ఏదని అడగలేదు. చదివింది మీరేనా అంటే, నేనే అన్నారట సార్. ఎవరు తీశారో ఆయనకు తెలుసు. ముందు బెంచీలో ఫోను ఎత్తిపట్టుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే. అయినా నా పేరు చెప్పలేదు. నాది కొత్త ఉద్యోగం, ఇంకా ఖాయం కాలేదు. మొత్తం వీడియో చేతిలో పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. సార్‌ను శిక్షణ నుంచి తప్పించి ఎర్రగుంట్ల పక్కన సిమెంటు దుమ్ము పడే బడికి పంపారు. మళ్ళీ టీచర్లకు పాఠం చెప్పనివ్వలేదు.

కొన్నాళ్ళకు కడప బస్టాండులో ఎదురుపడ్డారు. "ఏమ్మా, ఆ పాఠం పిల్లోళ్ళకు చెప్తాండావా?"

చెబుతున్నాను సార్ అన్నాను. అబద్ధం. భయపడి ఒక్కరోజూ చెప్పలేదు. మంచిది అన్నారు. అడగండి అడగండి అని మా ప్రాణం తీసిన మనిషి, నన్ను ఇంకో ప్రశ్న అడగకుండా బస్సెక్కారు. ఆయన నమ్మలేదని నాకు తెలుసు.

ఆ ముక్కను నలుగురికీ పంపినవాళ్ళే ఇప్పుడు గ్రూపులో గొప్ప గురువు అంటున్నారు. చూస్తుంటే ఒళ్ళు మండింది. అందరికంటే ముందు నామీద నాకే మండింది. నిన్న మొత్తం వీడియో అందులో పెట్టి, కత్తిరించింది నేనేనని రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. దానికీ దండాల బొమ్మలే వచ్చాయి. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ వీడియోలో సార్ మెసేజి చదవడం ముగిస్తారు. ఫోను బోర్లిస్తారు. చాక్‌పీసు పట్టుకుని, "ఇప్పుడడగండి," అంటారు. మాకు ఇళ్ళకు పోయే తొందర. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఒక్క చెయ్యీ లేవదు. ఆయన ఒక్కొక్కరినీ చూసుకుంటూ వస్తారు. చివరికి ఫోను పట్టుకున్న నా వైపు తిరిగి, ఆగుతారు.