లలితక్క లివర్‌లోని వైరస్, మా ఇంటి భయం

నిన్న పొద్దున అక్క కూతురు ఫోన్ చేసింది.

"చిన్నమ్మా... అమ్మ ఇక లేదు."

ఈ మాట ఏదో ఒక రోజు వినాల్సి వస్తుందని ఏళ్ల తరబడి భయపడుతూనే ఉన్నాను. అయినా, ఏమన్నావని మళ్లీ అడిగాను.

మా లలితక్క. ములకలపల్లిలో పత్తి, మిర్చి పండించే ఇంటి కోడలు. లివర్ క్యాన్సర్‌తో పోయింది.

అసలు సంగతి మీలో చాలామందికి తెలియదు. నేను పోయాక అందరికీ చెప్పు అని అక్కే అంది.

తొంభైల్లో అక్కకు మొదటి కాన్పు. కొత్తగూడెంలో డాక్టరమ్మ దగ్గరికి నేనే తోడు వెళ్లేదాన్ని. మా అమ్మ కామెర్లతో, కడుపు ఉబ్బి చనిపోయిందని మాటల్లో చెప్పగానే ఆమె ముఖం మారింది. ఇద్దరికీ రక్తం టెస్ట్ రాసింది.

అక్కకు హెపటైటిస్ బి ఉంది.
నాకు లేదు.

ఒకే తల్లి కడుపున పుట్టాం. ఆ వైరస్ నన్నెందుకు వదిలేసిందో ఇప్పటికీ తెలియదు.

"నాకేం నొప్పి లేదు కద డాక్టరమ్మా! మంచిగనే ఉన్న!" అంది అక్క.

"అదే దీంతోటి భయం. ఇది లివర్ కణం లోపలికి పోయి, న్యూక్లియస్‌ల తన డీఎన్ఏ దాచుకుంటది. ఏండ్లకేండ్లు సప్పుడు చెయ్యదు. నీ ఒంట్ల వైరస్ జోరుగ పెరుగుతున్నది. కాన్పుల బిడ్డకు అంటుకోవచ్చు."

అక్క రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. బస్సు దిగేదాకా తీయలేదు.

ఇంట్లో వాళ్ల అత్తమ్మ అక్క కంచం, గ్లాసు వేరే పెట్టింది. ఆమె చెడ్డది కాదు. భయం. బావ మాత్రం ఆ పూట అక్క కంచంలోనే చెయ్యి పెట్టి తిన్నాడు. "రక్తంతోటి వస్తది గని అన్నంతోటి రాదన్నది డాక్టరమ్మ" అన్నాడు.

బిడ్డకు పుట్టిన వెంటనే టీకా, దాంతోపాటు యాంటీబాడీల ఇంజెక్షన్ పడాలి. రెండూ హైదరాబాద్ నుంచే తేవాలి. బావ రైలెక్కిన మర్నాడే, నెల ముందుగా, అక్కకు నొప్పులు మొదలయ్యాయి.

మధ్యాహ్నం పాప పుట్టింది. బావ రాలేదు.

"ఎంత జల్దీ పడితే అంత మంచిది" అంటూ డాక్టరమ్మ గేటు వైపే చూస్తోంది.

అక్క పాపను ఎత్తుకోలేదు. "నాది అంటుకుంటదేమోనే, నువ్వే పట్టుకో" అంది. ఆ పసిదాని ఊపిరి నా మెడకు తగులుతోంది.

పొద్దు వాలుతుండగా బావ వచ్చాడు, ఐస్ నింపిన ఫ్లాస్కు గుండెకు హత్తుకుని. మందు వేడెక్కినా పాడే, గడ్డకట్టినా పాడే అని షాపతను చెప్పాడట. ఐస్ నేరుగా తగలకుండా సీసాలకు తువ్వాలు చుట్టాడు.

"దారంత మూత తీసి చూసుకుంటనే వచ్చిన. పాడైందా డాక్టరమ్మా?"

ఆమె సీసాను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"సల్లగనే ఉంది. గడ్డకట్టలే."

రెండు తొడలకూ సూదులు పడ్డాయి. పాప కెవ్వుమంది. అప్పుడు ఎత్తుకుంది అక్క.

మిగతా డోసులూ వేయించి, ఏడాది దాటాక టెస్ట్ చేయిస్తే పాపకు వైరస్ లేదు. అక్క హాస్పిటల్ మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది.

తన ఒంట్లోది మాత్రం పోలేదు. తర్వాత వచ్చిన మందులు అణిచాయే గానీ వెళ్లగొట్టలేదు. ఆ వైరస్ డీఎన్ఏ మన డీఎన్ఏలో కలిసి క్యాన్సర్ తేవచ్చని విన్నప్పటి నుంచి, స్కాన్ ఉందంటే అక్కకు అన్నం దిగేది కాదు.

కొన్ని నెలల కింద చేసిన స్కాన్‌లో గడ్డ కనిపించింది.

"నాకు వస్తే వచ్చింది. బిడ్డకు రాలే. గంతే చాలు" అని నా చేయి పట్టుకుంది.

దయచేసి మీరంతా ఒక్కసారి టెస్ట్ చేయించుకోండి. అక్క చెప్పమన్నది ఇదే.

వెళ్లి రా అక్కా. ఇక నిన్ను ఏ భయమూ ముట్టకూడదు. నీ మనసుకు శాంతి దొరకాలి.