గుండ్రంగా వచ్చిన రొట్టెలు

నా జన్మలో ఒకే ఒక్కరోజు రొట్టెలు గుండ్రంగా వచ్చాయి. ఆ రోజే తెగిన చెప్పు చేత్తో పట్టుకుని స్కూల్లోకి పరుగెత్తాను. ఎందుకో వినండి, చాయ్ చల్లారినా పర్వాలేదు.

మా మేఘనకు ఆరేళ్లు. గోధుమ పడదు. పడదంటే తుమ్ములు, దద్దుర్లు కాదు, సీలియాక్ అని పేగుల జబ్బు. జీవితాంతం ఉంటుందట. గోధుమ కొంచెం లోపలికి పోయినా కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంది, రోజుల తరబడి కోలుకోదు. డాక్టరు ఈ మాట చెప్పినప్పుడు దవాఖాన మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. మా అత్తమ్మ మాత్రం, "ఏడుస్తవెందుకు లతా? మనది జొన్నలు తినే ఇలాకా. జహీరాబాద్ పిల్లకు గోధుమలతోని ఏం పని?" అంది.

నిజమే. కాకపోతే నాకు జొన్నరొట్టె రాదు. కోహీర్లో అత్తమ్మ చేతులతో తట్టి చందమామల్ని దించుతుంది. నేను పీట మీద కర్రతో ఒత్తుతాను. అంచులన్నీ పగుళ్లు. పెనం దాకా వెళ్లేలోపు ఒక ముక్క రాలుతుంది. మేఘన రోజూ డబ్బా తెరిచి వాటికి పేర్లు పెడుతుంది. "ఇయ్యాల బాతు. గిది తోక తెగిన పిల్లి." మా ఆయనైతే, "కర్ణాటక మ్యాప్ మంచిగొచ్చింది, గని బీదర్ రాలిపోయింది" అంటాడు.

మొన్న పొద్దున ఊరంతా పొగమంచు. కరెంటు లేదు. కిటికీ అవతల చెరకు ట్రాక్టర్లు కనపడకుండానే ఎటో పోతున్నాయి, వాటిలో పెట్టిన పాట ఒక్కటే వినిపిస్తోంది. ముందురోజు మా ఆయన పిండి గిర్నీ నుంచి మా సంచి, పక్కింటి నస్రీన్ వాళ్ల సంచి రెండూ తెచ్చి తలుపు దగ్గర పెట్టాడు. అది చెప్పకుండానే షిఫ్టుకు పోయాడు. నేను సగం నిద్రలో ఒక సంచి విప్పి డబ్బాలో పోసి, వేడినీళ్లతో పిండి కలిపాను.

ఏం చెప్పను, ఆ పిండి వెన్నలా ఉంది. కర్ర ఆనిస్తే చాలు, రొట్టె తనంతట తానే తిరిగింది. ఒక్క పగులు లేదు. పెనం మీద మెల్లగా పొంగింది. నాకు కళ్లు చెమర్చాయి. పొయ్యి ముందు నిలబడే ఊహల్లో చాలా దూరం వెళ్లిపోయాను. కోహీర్లో చుట్టాలంతా వరసగా కూర్చున్నారు, అత్తమ్మ నాకు ఉల్లిగడ్డలు కోసిస్తోంది. చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద నా రొట్టెల కొట్టు, బొంబాయి లారీలన్నీ అక్కడే ఆగాయి. ఆ మురిపెంలోనే ఫోటో తీసి అత్తమ్మకు పంపాను. డబ్బా సర్ది మేఘనను స్కూలుకు పంపాను.

మధ్యాహ్నమవుతుంటే అత్తమ్మ ఫోన్.

"ఇప్పుడే జూసిన నీ ఫోటో."

"ఎట్లున్నయ్ అత్తమ్మా?"

"మస్తున్నయ్. గందుకే భయమైతుంది. జొన్నరొట్టె అంచు గంత నున్నగ నాకే రాదు బిడ్డా. జర పిండి జూడు."

పిండి డబ్బాలో వేలు పెట్టి నాలుక మీద వేసుకున్నాను. గోధుమ. మా జొన్నపిండి సంచి కట్టు విప్పకుండా తలుపు పక్కనే కూర్చుని ఉంది.

స్కూలుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆటో ఎక్కితే ముందు చెరకు ట్రాక్టర్లు. "ఇన్ని దినాలు పంటి కింద పెట్టనియ్యని విషం నేనే కట్టిచ్చిన" అని ఏడుస్తుంటే ఆటో అన్న, "ఫికర్ జెయ్యకు అక్కా, గల్లీలకెళ్లి తీస్కపోత" అని సందుల్లో తిప్పాడు. గేటు దగ్గర చెప్పు తెగింది. అప్పటికే లంచ్ బెల్ అయిపోయింది. పిల్లలంతా తింటున్నారు.

మేఘన మూసిన డబ్బా మీద రెండు చేతులు పెట్టుకుని, మూతి ముడుచుకుని కూర్చుంది. టీచరమ్మ పక్కనే నిలబడి ఉంది. "మీ అమ్మ పంపిందే, తినమ్మా అని ఎంత చెప్పినా ఇంటలేదు మేడం."

"ఒక్క ముక్క గూడ తినలేదా బిడ్డా?"

"తినలే. అమ్మ చేసింది గాకుంటే తినొద్దని నువ్వే చెప్పినవ్ గదా." మూత తీసి చూపించింది. "జూడు, అన్నీ గుండ్రంగున్నయ్. గివి నువ్వు చేసినయ్ గావు."

దాన్ని ఒళ్లోకి లాక్కుని ఏడ్చాను. నవ్వాను కూడా. టీచరమ్మకు ఏమీ అర్థం కాలేదు.

ఇంటికొచ్చి పీట, కర్ర, పెనం తోమి తోమి కడిగి, అసలు పిండితో మళ్లీ ఒత్తాను. మొదటిది పెనం చేరకముందే చిరిగింది. మేఘన తిప్పి తిప్పి చూసి, "గిది ఒంటె. గిది అమ్మదే" అని తినేసింది.

అత్తమ్మ ఆదివారం వచ్చి రొట్టె తట్టడం నేర్పిస్తానంది. వద్దని చెప్పాను. నేను నేర్చుకుంటే పిల్ల పస్తుంటుంది.