దిగని బ్యాటరీ

నాకు లెక్కలు రావని ఎవరూ అనలేరు. డిపోలో బస్సుల డ్యూటీ చార్టు రాసేది నేనే. అయినా జహనుమాలో మా ఇంటి మెట్ల కింద ఉన్న బ్యాటరీ నన్ను నెల రోజులు పిచ్చివాణ్ణి చేసింది.

కొత్త మీటరు పెట్టాక సాయంత్రం ఆరు నుంచి పది దాకా కరెంటు రేటు ఎక్కువైంది. అందుకే డాబా మీద సోలార్ పలకలు, కింద బ్యాటరీ పెట్టించాను. పగటి ఎండకు బ్యాటరీ నిండాలి, సాయంత్రం ఇల్లంతా దాని మీదే నడవాలి. అంతే కదా! నిండడం చక్కగా నిండేది. దిగడం మాత్రం దిగదు. ఎప్పుడు ఫోన్‌లో దాని యాప్ చూసినా నూటికి నూరు. బిల్లేమో ఎప్పటిలాగే.

బిగించిన భాయ్‌ని కిషన్‌బాగ్ నుంచి రెండుసార్లు పిలిపించాను. మధ్యాహ్నం వచ్చి తీగలన్నీ చూసి, "సబ్ ఠీక్ ఉంది అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఫికర్ కాక ఇంకేం చెయ్యను? ఎలుకలను అనుమానించాను, ఫోన్‌ను అనుమానించాను. చివరికి నా మీదే అనుమానమొచ్చి, బ్యాటరీ నడవాలని యాప్‌లో పెట్టిన టైములన్నీ చెరిపి మళ్లీ పెట్టాను. అదే నూరు.

ఒకరోజు డ్యూటీ తొందరగా అయిపోయి దీపాల వేళకే ఇల్లు చేరాను. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, దండం పెట్టుకుని, తిన్నగా మెట్ల కిందికి వెళ్లి బ్యాటరీ స్విచ్ దించేసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

"అమ్మా, ఏందిది? రోజూ నువ్వేనా బంద్ చేసేది?"

"నేనే. పొద్దుగాల మళ్ల ఎత్తుత. కరెంటు ఉండంగ బ్యాటరీ ఎందుకురా ఒడగొట్టి ఖాళీ చేసుడు? కరెంటు పోతే ఎట్ల?"

పాత ఇన్వర్టర్ నాటి అలవాటు. నాకు ఒళ్లు మండింది. "గింత పెట్టి తెచ్చింది దాచుకొనీకా?" అని లొల్లి చేశాను.

అమ్మ లోపలి గదివైపు చూసింది. బాపు ఆక్సిజన్ మిషన్ గొట్టం ముక్కుకు పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

"పోయిన వానలల్ల కరెంటు పోయి, ఇన్వర్టర్ గూడ దిగిపోయి బాపు మిషిన్ ఆగింది. నువ్వు డ్యూటీల ఉన్నవ్. కరెంటొచ్చేదాక బాపు ఈపు రాసుకుంట కూసున్న. నువ్వు ఫికర్ పడ్తవని చెప్పలే."

నాకు సిగ్గేసింది. ఫోన్ తెరిచి, ఎంత వాడినా సగం ఎప్పుడూ మిగిలి ఉండేలా పెట్టి చూపించాను.

"సగమంటే బాపు మిషిన్ ఎంతసేపు నడుస్తది బిడ్డా?"

ఏ గంటకు ఏ రేటో గడగడా చెప్పగలను. అది మాత్రం నాకు తెలియదు.

బ్యాటరీ స్విచ్ ఎత్తి, కరెంటు మెయిన్ ఆపి, లైట్లూ ఫ్యాన్లూ ఆపేశాను. ఇంట్లో మిషన్ ఒక్కటే నడుస్తోంది. గంటకు ఎంత దిగుతుందో చూద్దామని బాపు మంచం మీదే ముగ్గురం ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఎప్పుడు దిగుతుందా అని నెల రోజులు ఎదురుచూసిన ఆ అంకె తొంభై తొమ్మిదికి దిగగానే నా గుండె గుభేలుమంది.