నా కోడును ఆపిన నా రూలు

గుడివాడలో రైస్ మిల్లులకు ప్రోగ్రాములు రాసే ఆఫీసులో పనిచేసేదాన్ని. ఇంట్లోనే చదువుకున్న నాకు ఆ ఉద్యోగం దేవుడి దయే. అందరి కోడూ ఒకేచోట ఉండేది. ఏ స్క్రీనూ బస్తాల స్టాకు లెక్కను నేరుగా మార్చకుండా, ఉమ్మడి ఫంక్షన్ అనే, అందరూ వాడే ఒకే కోడు ముక్క ద్వారానే మార్చాలని నేనే తనిఖీ రూలు రాశాను. తప్పిన కోడును అది లోపలికి రానిచ్చేది కాదు.

ఒకరోజు పెదపారుపూడి మిల్లు యజమాని ఫోన్ చేశారు. “లారీ గేటులోనే ఆగిపోయిందమ్మా, గేటు పాసులో స్టాకు నుంచి ఈ లోడు తగ్గలేదు!”

తొందరలో పాసు స్క్రీనులోనే బస్తాలు తగ్గించేలా రాశాను. రూలు ఆపేసింది. దాన్ని కాసేపు తీసేయబోయాను.

“మేము తీసేస్తే మీరు ఊరుకుంటారా అక్కా?” అని పక్కసీటు అమ్మాయి నవ్వింది.

సిగ్గేసి ఉమ్మడి ఫంక్షన్ తెరిచాను. బస్తాలు అక్కడ తగ్గుతూనే ఉన్నాయి, స్క్రీనే పాత అంకె చూపిస్తోంది. నా కోడు వెళ్లుంటే స్టాకు రెండుసార్లు తగ్గేది. స్క్రీను సరిచేశాక లారీ కదిలింది. ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పి, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.