మూల పొదల్లో ఎన్ని పిట్టలు?

ములకలపల్లి దగ్గరి ఒక ఊళ్లో, ఎకరం దాటని పార్కులో ఇరవై మూడు రకాల పిట్టలున్నాయని యాదగిరి సార్ ఫోన్ చేశాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. నేను ఖమ్మంలో పత్రిక డెస్కులో ఉన్న రోజుల్లో మండలస్థాయి ఆటల ఫలితాలు ఆయనే రాసి పంపేవాడు. ఏనాడూ ఒక్క స్కోరూ దిద్దాల్సి రాలేదు. అందుకే ఇరవై మూడంటే ఇరవై మూడే అనుకున్నాను.

పార్కు చివరి మూలలోని పొదలు కొట్టేసి వ్యాయామ పరికరాలు పెట్టాలని పంచాయతీ అనుకుంటోందట. "ఏమేం పిట్టలున్నయో బోర్డు రాయించుండ్రి, చూసి ఆలోచిద్దాం" అన్నాడట కార్యదర్శి. గురువారం మూడింటికి ఆయన వస్తాడు. ఆలోగా పిట్టలన్నిటికీ ఫోటోలు తీసి, జాబితా సరిచూసిపెట్టడం నా పని.

గురువారం తెల్లవారుజామున నాలుగూ యాభైకి ఖమ్మంలో కొత్తగూడెం బస్సెక్కాను. పక్క సీటు పెద్దమనిషి కెమెరా సంచీ చూసి "పెండ్లికా?" అన్నాడు. పిట్టల కోసమని చెప్పాను.

"గింత దూరం దేనికి? మా తిరుమలాయపాలెం రాండ్రి. చేన్ల మీదికెళ్లి డబ్బాలు కొట్టి ఎల్లగొడుతున్నం. ఎన్ని కావాల్నంటే అన్ని తోల్కపోండ్రి" అని కండువా కప్పుకొని నిద్రపోయాడు.

ఏడింటికి కొత్తగూడెం. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని ములకలపల్లి బస్సు పట్టుకున్నాను. పాల్వంచ దాటాక ఆయిల్‌పామ్ తోటలు, తరవాత జామాయిల్, వాటి వెనక టేకు అడవి. ములకలపల్లి నుంచి షేర్ ఆటో. పార్కు గేటు దగ్గర దిగేసరికి తొమ్మిది. ఎవరైనా వెళ్లదలిస్తే ముందురోజే కొత్తగూడెం చేరుకోవడం మేలు. తొమ్మిదయ్యేసరికి సగం పిట్టలు మెసలడం మానేస్తాయి.

యాదగిరి సార్ నోటుబుక్కుతో ఎదురొచ్చాడు. కళ్లల్లో శుక్లాలు ముదిరాయి. నన్ను గొంతును బట్టి పోల్చుకున్నాడు. అప్పుడు మొదలైంది నా అనుమానం.

"సార్, ఈ ఇరవై మూడూ చూసి రాసినవేనా?"

"సూపుతోటి ఏడైతదయ్యా? ఇని రాసిన. చెవులు మంచిగనే ఉన్నయ్ గద."

రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. రెండు పొడుగు, ఒకటి పొట్టి. బళ్లో పిల్లల్ని వరసలో నిలబెట్టే ఈల అది. రోజూ పొద్దున అలా పలకరిస్తే పిట్టలు జవాబిస్తాయట. నిజంగానే మూల పొదల్లోంచి బుల్బుల్ పలికింది. ఆయన నోటుబుక్కులో దాని పేరు మీద వేలు పెట్టాడు. తరవాత గోరింక. తరవాత డేగ. డేగ కేకకు ఉడతలన్నీ చెట్ల తొర్రల్లో దూరాయి.

లెన్సు అటే గురిపెట్టి గంటన్నర కూర్చున్నాను. కనబడింది ఒక్కటే నల్లపిట్ట. పసుల వీపుల మీద వాలే పసులపోలిగాడి జాతిది. తోక చివర రెండు సన్నటి తీగలు, వాటి కొసల్లో చిన్న రెక్కల్లాంటి ముక్కలు. అది నోరు తెరిచినప్పుడల్లా ఇంకో పిట్ట అరుస్తోంది. క్లిక్ చేశాను. కానీ ఫోటోకు గొంతుండదు కదా.

మొక్కలకు నీళ్లు పెట్టే ముత్తమ్మ పైపు లాక్కుంటూ వచ్చింది.

"ఏం దొరికినయ్ సారూ?"

"ఒక్క నల్లపిట్ట."

"అవ్, ఒక్కటే. తీగెల తోకది. దానికి అందరి గొంతులొస్తయ్. అడివిల పిల్లి లెక్క గూడ ఒర్రుతది."

"సార్‌కు చెప్పలేదా?"

"ఎట్ల చెప్పాలె? రోజూ హాజరు పిలిచినట్టు పేర్లన్నీ సదివి ఇనిపిస్తడు. ఒక్కటే పోరడు అందరికీ పలుకుతుండని చెప్పుమంటవా?"

అయితే జాబితా అంతా అబద్ధమేనని తీర్మానించుకునే లోపు, నేను నల్లపిట్ట ఖాతాలో వేసిన వడ్రంగిపిట్ట కేక మళ్లీ వినిపించి, వడ్రంగిపిట్టే వచ్చి టేకు మోడు మీద వాలింది. ఇందాక అరిచింది ఇదా, అదా? డేగ కేకకు ఉడతలు నాలాగే మోసపోయాయా, నిజంగా డేగే వచ్చిందా? పార్కంతా తిరిగితే పన్నెండింటికి కెమెరాలో చేరినవి తొమ్మిది రకాలు. మిగతా పద్నాలుగు ఏమిటో నాకు తెలియదు.

నీలం రంగు వేసిన బోర్డుతో పెయింటర్ వచ్చాడు. సార్ నోటుబుక్కు తెరిచాడు. చెప్పాలా వద్దా అని నేను టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాను. ఆయనా ఒక గుక్క టీ నోట్లో పోసుకున్నాడు. సరిగ్గా అప్పుడు పొదల్లోంచి ఈల. రెండు పొడుగు, ఒకటి పొట్టి.

సార్ టీ మింగి గ్లాసు కింద పెట్టాడు.

"నేనిక్కడున్న. ఆడ ఈల కొట్టిందెవరు?"

కెమెరా తెర మీద నల్లపిట్ట ఫోటో పెద్దది చేసి చేతికిచ్చాను. కంటికి ఆనించుకొని చూశాడు.

"ఎప్పటిసంది తెలుసు నీకు?"

"పదిన్నర నుంచి."

"స్కోరు తప్పని తెలిసీ అచ్చుకు పోనిచ్చేటోనివా?"

ఆయన నోటుబుక్కు మూసి, నా కెమెరాలో ఉన్న తొమ్మిది పేర్లే రాయమన్నాడు.

"సగం బోర్డు ఖాళీ ఉంటది సార్" అన్నాడు పెయింటర్.

"ఉండనియ్."

"తొమ్మిదంటే మా ఇంట్ల కోళ్లే ఎక్కువున్నయ్" అంది ముత్తమ్మ. ఎవరూ నవ్వలేదు. తొమ్మిది పేర్లతో ఆ మూల పొదలు నిలబడవని అందరికీ తెలుసు.

నేరుగా ఖమ్మం వెళ్లే చివరి బస్సు తప్పిపోతుందని రెండుంబావుకే బయలుదేరాను. తిరుగు ప్రయాణం చండ్రుగొండ మీదుగా. నాలుగున్నరకు ఫోన్ మోగింది.

"పొదలు కొట్టరట" అన్నాడు సార్. గొంతులో సంతోషం లేదు, అయోమయమే ఉంది.

"కార్యదర్శి ఎలా ఒప్పుకున్నాడు?"

"తొమ్మిదేనా అని మొకం మాడ్చుకున్నడు. గప్పుడే అది షురూ చేసింది. ఆయన పొదల ముంగట నిలబడి ఏళ్ల మీద లెక్కపెట్టిండు. పద్నాలుగైనయట. సగం పిట్టలను ఇడిసిపెట్టిన్రేంది సార్ అని నన్నే అడిగిండు."

"నిజం చెప్పలేదా?"

"మూడు సార్లు చెప్పిన. ఒక్కటే పిట్ట అని. నమ్మలే. పెద్దతనం గద, సరిగ ఇనపడ్తలేదేమోనన్నడు."

ఆరూ నలభైకి ఖమ్మంలో దిగాను. బస్సులో కెమెరా తెర మీద నల్లపిట్టనే చూస్తూ వచ్చాను. నోరు తెరిచే ఉంది. ఆ క్షణాన ఎవరి గొంతుతో పలుకుతోందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ పార్కుకు వెళ్లేవాళ్లు అడిగితే ఎన్ని రకాల పిట్టలున్నాయో నేను చెప్పలేను. పొదలు మాత్రం ఉన్నాయి.