ఖర్జూర గింజల బొగ్గు

మా ఊరి దోస్తు పెద్దులుకు మాట తక్కువ, మొండితనం ఎక్కువ. ఆ రెండూ కలిసి ఒకనాడు మా ఇద్దరి నౌకరీల మీదికి తెచ్చాయి. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అది 1991. అరబ్బు దేశంలోని అల్ సువైక్‌లో బట్టలకు రంగులద్దే షెడ్డులో పనిచేసేవాళ్లం. మేస్త్రీ ఖమరుద్దీన్‌ది నిజామాబాద్, మాది ఆర్మూరు పక్క పల్లె. మేం వదిలే నీలం నీళ్లు వెనక కాలువలో పడి హలీమా అనే ముసలామె ఖర్జూర తోటలోకి పారేవి. అవి తాగి ఆమె మేకలు రెండు చచ్చాయి. ఆమె బలదియాలో, అంటే అక్కడి మునిసిపాలిటీలో, ఫిర్యాదు పెట్టింది. బుధవారానికి నీళ్లు తేటపడకపోతే షెడ్డుకు తాళం, మా వీసాలు రద్దు.

పెద్దులు మొదట ఊరినుంచి తెచ్చుకున్న మురికి నీళ్లు తేర్చే ఇండుపగింజ అరగదీసి నీలం నీళ్ల తొట్టిలో కలిపాడు. మట్టి అడుక్కి దిగింది గానీ నీలం అట్లాగే ఉంది.

"ఇవి మనూరి వాగు నీళ్లనుకున్నవారా?" అని కసిరాను.

"బడిల మూడు కుండల వడపోత యాదికున్నదా? బొగ్గేస్తుండె" అన్నాడు.

ఖర్జూర గింజలు ఏరుకొచ్చి, మూసిన డబ్బాలో కాల్చి, దంచి, డ్రమ్ములో ఇసుక మీద పరిచాడు. బొగ్గు కడగడం మరిచాడు మహానుభావుడు! పైన పోసిన నీలం నీళ్లు నల్లగా దిగాయి. మళ్లీ కాల్చాడు, ఈసారి కడిగాడు. ఇంతలో మంగళవారం గడిచిపోయింది.

బుధవారం పొద్దున బలదియా మనిషి వెంట హలీమా వచ్చింది. పెద్దులు డ్రమ్ము కుళాయి తిప్పాడు. గ్లాసులోకి తేట నీళ్లు దిగాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఖమరుద్దీన్ ఉషారుగా, తాగొచ్చు కూడా అని అరబ్బీలో చెప్పాడు. హలీమా గ్లాసు నోటిదాకా ఎత్తింది.

పెద్దులు ఆ గ్లాసు లాక్కుని నేల మీద పారబోశాడు.

"రంగు పోయింది గంతే. అండ్ల ఇంకేమున్నదో నాకెర్క లేదు. తాగొద్దని చెప్పుండ్రి సాబ్."

ఖమరుద్దీన్ పళ్లు కొరుక్కున్నాడు, చెప్పలేదు. పెద్దులును పట్టుకుని తన్నాలనిపించింది నాకు. చివరికి పెద్దులే వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు: ఈ నీళ్లు మేకలకూ వద్దు, చెట్లకూ వద్దు, మళ్లీ అద్దకానికే వాడుకుంటాం, కాలువలోకి చుక్క కూడా వదలం.

బలదియా మనిషి హలీమా వైపు చూశాడు. ఆమె పెద్దులు చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది.

"ఇతని మాట నమ్ముతాను" అంది.

షెడ్డుకు తాళం పడలేదు. ఖమరుద్దీన్ నెల రోజులు పెద్దులుతో మాట్లాడలేదు. హలీమా మాత్రం బొగ్గు కోసం వారం వారం ఖర్జూర గింజల బస్తా పంపేది. దానితో పాటు ఆమె బావి నీళ్లు ఒక క్యాను వచ్చేవి, పెద్దులు తాగడానికి.