టేపులో టవారిస్ నవ్వు

అమెరికాలోని మెంఫిస్‌లో, ఆరంజ్ మౌండ్ పేటలో, కార్డెల్ ఫాంట్ ఎవరని అడిగితే జనం బుర్ర గోక్కునేవారు. డీకన్ డెల్ అంటే మాత్రం చంటిపిల్లాడు కూడా ఇల్లు చూపించేవాడు. చర్చి మెట్లెక్కడానికి బద్ధకించే మనిషికి చర్చి పెద్ద పేరేమిటని వాళ్ళమ్మ ఎర్లీన్‌కు ఎప్పుడూ కోపమే.

"పేరేమో డీకను, నోరు తెరిస్తే బూతులు. పేరన్నా మార్చుకో నాయనా, పాటన్నా మార్చుకో" అనేది.

"రెండూ మారిస్తే టేపు ఎవరు కొంటారమ్మా?" అని నవ్వేవాడు కార్డెల్.

ఎర్లీన్ వారమంతా బడి వంటశాలలో గరిటె తిప్పేది, ఆదివారం చర్చిలో పాడేది. మొగుడు ఎటో పోయాడు. ఇద్దరు కొడుకులూ ఆమె రెక్కల కష్టం మీదే పెరిగారు. కార్డెల్ ర్యాప్ పాటలు కట్టి, టేపులు చేసి, పాత షెవ్రొలే కారు డిక్కీలో వేసుకుని కార్లు కడిగే చోట్లా, సెలూన్లలోనూ అమ్ముకునేవాడు. కాళ్ళకు బలపం కట్టుకుని నాలుగేళ్ళు తిరిగాడు. "నీ పాట పెడితే నా కత్తెర తాళం వేస్తోందిరా. ఎవడి చెవైనా తెగితే పూచీ నీదే" అనేవాడు సెలూన్ క్లెమన్స్.

ఆ రోజుల్లో ర్యాప్ కట్టేవాళ్ళకు ఒక అలవాటుండేది. తాళం మొదలయ్యే ముందు ఇంట్లోవాళ్ళ ఫోను మాటలు పెట్టేవారు. జైల్లోంచి అన్న చేసిన ఫోను కావచ్చు, ఎక్కువగా మాత్రం, ఎవరూ ఎత్తనప్పుడు ఫోను మాటలు పట్టి ఉంచే ఆన్సరింగ్ మెషీన్‌లో అమ్మ వదిలిన కబురు. అమ్మ గొంతు ముందొస్తే, వెనకొచ్చేదంతా నిజమేనని జనం నమ్ముతారు.

కార్డెల్‌కు అలాంటి కబురొకటి దొరికింది. తమ్ముడు టవారిస్‌కు పందొమ్మిదేళ్ళు. స్కేటింగ్ హాలు దగ్గర పై పేట కుర్రాళ్ళతో తగువు పెట్టుకున్నాడు. వాళ్ళు తుపాకులు పట్టుకుని వెతుకుతున్నారని తెలిసి ఎర్లీన్ వాణ్ణి తన చెల్లెలింట్లో దాచి, అక్కణ్ణుంచే పెద్దకొడుక్కు ఫోను చేసింది.

"కార్డెల్, అమ్మనురా. ఫోనెత్తి చావవేం? టవారిస్ వెల్మా పిన్ని ఇంట్లో ఉన్నాడు, వెనక గదిలో పడుకోబెట్టాం. గొడవ సద్దుమణిగేదాకా ఇక్కడే. వచ్చేటప్పుడు వాడికి తేనె పూసిన కోడి రెక్కలు పట్రా. ప్రార్థన చేసుకుని తినమను. నువ్వూ చేసుకో."

ప్రార్థన మాట వినగానే ఆమె వెనకనుంచి టవారిస్ నవ్వాడు. వాడి నవ్వు చివర పందిపిల్ల గుర్రుమన్నట్టు చిన్న గురక వచ్చేది. దానికోసమే వాణ్ణి ఇంటిల్లిపాదీ ఏడిపించేవారు. ఆ గురక కూడా టేపులో పడింది.

కార్డెల్, అతని పాటలకు తాళాలు కట్టే స్నేహితుడు బూకర్ కలిసి ఆ కబురును అరవైసార్లు విన్నారు. అమ్మ గొంతులో బరువు విన్నారు. "ఇక్కడే" అన్నచోట ఆవిడ ఊపిరి తీసుకోవడం విని, సరిగ్గా అక్కడ డప్పు మోగేట్టు అమర్చుకున్నారు. ఆవిడ ఏం చెబుతోందో మాత్రం ఒక్కసారీ వినలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చెవులుండీ ఇద్దరు గాడిదలు!

టేపు శుక్రవారం బయటికొచ్చింది. ఆదివారానికల్లా పేటలో ప్రతి కారులోనూ ఎర్లీన్ గొంతే. వెల్మా ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ జడలల్లే మనిషి, ఆమె ఇల్లు తెలియనివాళ్ళు లేరు. బుధవారం మధ్యాహ్నం పై పేట కుర్రాళ్ళు ఎవరినీ దారి అడక్కుండా నేరుగా వెనక గది కిటికీ దగ్గరికే వెళ్ళారు. టవారిస్ నిద్రలోనే తూటాలకు బలైపోయాడు.

ఎలా తెలిసిందని కోర్టులో అడిగితే, వాళ్ళలో ఒకడు "పాటలో చెప్పిందిగా" అన్నాడు.

ఎర్లీన్ మొదటి వరసలో కూర్చుని ఉంది. బయటికొచ్చాక కార్డెల్ చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

"నా నోటితోనే నా బిడ్డ జాడ చెప్పించావు కదరా" అంది.

అంతే. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఎదురుపడితే తిన్నావా అని అడిగేది. కానీ ఫోనులో కబురు వదలడం మానేసింది. కార్డెల్ ఇంటికొచ్చి మెషీన్ నొక్కితే ఒక కీచుమన్న శబ్దం, ఆమె ఊపిరి, తర్వాత ఫోను పెట్టేసిన చప్పుడు. మూడేళ్ళపాటు అదే. ఒక్క మాట వదిలితే చాలు, అమ్మ తనను క్షమించినట్టేనని అతను కాచుకు కూర్చున్నాడు.

పాట మాత్రం ఆగలేదు. అట్లాంటా నుంచి పెద్ద కంపెనీవాళ్ళు ఆ పాటే కావాలని వచ్చారు గానీ అతను సంతకం పెట్టలేదు. వేదికెక్కితే వెయ్యిమంది ఏకకంఠంతో "కార్డెల్, అమ్మనురా" అని అరిచేవాళ్ళు. మూడోసారి అలా అరిచిననాడు మైకు కింద పెట్టి దిగిపోయాడు, మళ్ళీ ముట్టుకోలేదు. ఊరూరా తిరిగి దొరికిన టేపులన్నీ పోగుచేసి, పెరట్లో ఇనప పీపాలో వేసి తగలబెట్టాడు. స్టూడియోలో అసలు టేపూ, మెషీన్‌లోంచి తీసిన చిన్న టేపూ కూడా అందులోనే వేశాడు. అమ్మ కోసమే చేశాననుకున్నాడు. ఆ తర్వాత గోదాములో సామాన్లెత్తే బండి నడిపే పనికి కుదిరాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి మెషీన్ నొక్కితే కీచుమంది, ఊపిరి వినిపించింది. ఫోను పెట్టేసిన చప్పుడు రాలేదు.

"కార్డెల్, అమ్మను. ఆ పాట టేపు పట్రా. నేను మాట్లాడుతుంటే వెనకాల వాడు నవ్వాడు, గుర్తుందా? వాడి గొంతు ఎలా ఉండేదో మరిచిపోతున్నానురా. ఒక్కసారి వింటాను."

కార్డెల్ మెషీన్ మళ్ళీ నొక్కి విన్నాడు. మూడేళ్ళు ఎదురుచూసిన మాట వచ్చింది. ఆమె అడిగిన టేపును తన చేతులతోనే బూడిద చేశాడు.

బూకర్ దగ్గర లేదు. కారు రేడియోలు బిగించేవాళ్ళ దగ్గర లేదు. చివరికి క్లెమన్స్ సెలూన్ తలుపు కొట్టి తీయించాడు.

"ఒకటుంది గానీ, నకలుకి నకలుకి నకలురా అది. ఆరుగురి చేతులు మారింది. చెవి పెట్టి వినాలి" అన్నాడు క్లెమన్స్.

ఎర్లీన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుంది, చర్చి టోపీ ఇంకా తీయలేదు. కార్డెల్ టేపు పెట్టాడు. జల్లున వాన కురిసినట్టు చప్పుడు, అందులోంచి ఆమె పాత గొంతు సన్నగా వచ్చింది. కోడి రెక్కలు. ప్రార్థన. ఆ తర్వాత ఒట్టి వాన చప్పుడే.

ఎర్లీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళు నిండిపోయాయి.

"విన్నావా? చివర్న ఆ గురక... పందిపిల్ల వెధవ!"

కార్డెల్‌కు ఏమీ వినపడలేదు.

"విన్నానమ్మా."

"వాడే. వాడేరా" అంది ఎర్లీన్, కొడుకు చేతిమీద చెయ్యి వేస్తూ. "మళ్ళీ పెట్టు."

కార్డెల్ టేపు వెనక్కి తిప్పాడు.